ల్యాప్‌టాప్ కెమెరా, మైక్ ఎవరు వాడుతున్నారో ఒకసారి చూసుకోండి

మీటింగ్ అయిపోయాక కూడా టాస్క్‌బార్‌లో గడియారం దగ్గర చిన్న మైక్ బొమ్మ కనిపిస్తోందా? ఏదో యాప్ ఇంకా వింటోందన్నమాట. దాని మీద మౌస్ పెడితే యాప్ పేరు తెలుస్తుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్తే కెమెరా, మైక్రోఫోన్ పేజీలు విడివిడిగా ఉంటాయి. స్టోర్ నుంచి వేసుకున్న యాప్‌లకు దేని స్విచ్ దానిదే. అవసరం లేనివి ఆపేయండి.

అసలు చిక్కు బ్రౌజర్‌తోనే. క్రోమ్ లాంటివి డెస్క్‌టాప్ యాప్‌ల కింద వస్తాయి, వాటన్నిటికీ కలిపి ఒకటే స్విచ్. అది ఆపితే వీడియో కాల్స్ కూడా ఆగిపోతాయి. అందుకని ఏ సైట్‌కు అనుమతి ఉందో క్రోమ్‌లోనే చూడాలి: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, కెమెరా. మా పాప ఆన్‌లైన్ పరీక్ష కోసం ఒక సైట్‌కు కెమెరా ఇచ్చాం. పరీక్ష అయి మూడు వారాలైనా ఆ సైట్ అలౌ జాబితాలోనే ఉంది! పక్కనున్న చెత్తబుట్ట గుర్తు నొక్కి వెంటనే తీసేశాను. మైక్రోఫోన్ జాబితా కూడా ఇలాగే చూడండి.

ఇకనుంచి కొత్త సైట్ ఏదైనా అడిగితే ‘అలౌ దిస్ టైమ్’ నొక్కండి, ఆ ఒక్కసారికే పనిచేస్తుంది.