రేడియో బ్లూస్ వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: వేళ్ల మీద పన్నెండు

పోయిన పాఠంలో బ్లూస్ పాట (అమెరికాలో నల్లజాతి వాళ్ల దగ్గర పుట్టిన సంగీతం) వింటూ కాలితో నాలుగేసి దెబ్బలు వేయమన్నాను కదా, అది చేసినవాళ్లకి ఇవాళ్టిది తేలిక, చేయనివాళ్లు ఒక్క పాట పెట్టుకుని ఐదు నిమిషాలు కాలు ఆడించి రండి, నేనెక్కడికీ పోను.

ఈసారి మన పంతులు కింగ్ బిస్కెట్ టైమ్ అనే రేడియో ప్రోగ్రాం. అమెరికాలోని అర్కన్సా రాష్ట్రంలో మిసిసిపి నది ఒడ్డున హెలెనా అనే చిన్న ఊరు, అక్కడ కెఎఫ్ఎఫ్ఎ స్టేషన్లో 1941 నవంబర్లో మొదలైంది. అసలు పిండి అమ్ముకోడానికి పెట్టింది, కింగ్ బిస్కెట్ అంటే పిండి బ్రాండే. మధ్యాహ్నం పన్నెండుంబావుకి పావుగంట, సన్నీ బాయ్ విలియమ్సన్ మౌత్ ఆర్గాన్, రాబర్ట్ లాక్‌వుడ్ గిటార్, అంతా లైవ్. పత్తిచేలల్లో వాళ్లు అన్నాలకి కూర్చునే టైమది, తర్వాత పెద్ద బ్లూస్ గిటారిస్టయిన బి.బి.కింగ్ కూడా కుర్రాడిగా అలా విన్నవాడే. పిండి ఎంతలా అమ్ముడుపోయిందంటే తర్వాత మొక్కజొన్న పిండికి ఏకంగా సన్నీ బాయ్ పేరే పెట్టి, ఆయన పొత్తు మీద కూర్చున్న బొమ్మ సంచి మీద వేశారు. (వెతికేటప్పుడు జాగ్రత్త, ఆ పేరుతో ఇద్దరున్నారు, మనాయన్ని రైస్ మిల్లర్ అని కూడా అంటారు.)

సరే, పనిలోకి దిగుదాం. నాలుగు దెబ్బలు ఒక బార్, పన్నెండు బార్లు ఒక చుట్టు, అంటే 48 దెబ్బలు, మరీ స్పీడు కాని పాటలో ఇంచుమించు అర నిమిషం. నోటితో లెక్కపెడితే పాట వినపడదు, అందుకే అమ్మమ్మలు పాల లెక్క వేసినట్టు వేళ్ల మీద వేద్దాం. బొటనవేలితో చిటికెన వేలి అడుగు గీత నుంచి కొస దాకా నాలుగు చోట్లు, తర్వాత ఉంగరం వేలు నాలుగు, నడిమి వేలు నాలుగు. ఒక్కో చోట ఒక్కో బార్. చూపుడు వేలికి సెలవు.

చిటికెన వేలంతా ఇంట్లోనే, అంటే స మీద కట్టిన కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు). (కొన్ని పాటల్లో రెండో చోటే ఓసారి మ కి వెళ్లొస్తారు, పట్టించుకోకండి.) ఉంగరం వేలు అడుక్కి రాగానే గిటార్ మ కి జరిగి, రెండు బార్లు ఉండి ఇంటికొస్తుంది, పాడేవాడు మాత్రం మొదటి లైనే మళ్లీ పాడతాడు, మాట అదే గానీ కింద నేల మారింది కదా, అందుకే రెండోసారి ఇంకోలా తగుల్తుంది. నడిమి వేలు మొదటి చోట ప, అక్కడే కొత్త మాట, రెండో చోట మ, ఆ తర్వాత ఇల్లు. చివరి బార్లో ప ఇంకోసారి తొంగిచూస్తే కంగారుపడకండి, అది తర్వాతి చుట్టుకి పిలుపు.

నాకు మొదట్లో ప్రతిసారీ ఉంగరం వేలు దగ్గరే తప్పేది, నేను వెళ్లిపోయాక గిటార్ తీరిగ్గా వస్తున్నట్టుండేది. తప్పు నాదే, గొంతు ఎత్తుకోగానే ఒకటి అనుకునేదాన్ని, వీళ్లేమో తాళం కంటే ముందే ఎత్తుకుంటారు. పాడేవాణ్ని వదిలేసి బేస్‌ని, అంటే కింద మంద్రంగా మోగే గిటార్‌ని పట్టుకున్నాక కుదిరింది.

హోంవర్క్‌కి బ్యాండ్ ఉన్న పాటే తీసుకోండి. జాన్ లీ హుకర్ లాంటి బ్లూస్ పాటగాళ్లు ఒంటరిగా వాయించినవి ఇప్పుడే వద్దు, ఆయన తోచినప్పుడు మారతాడు, పన్నెండూ గిన్నెండూ ఏం లేదు. వరసగా మూడు చుట్లు తప్పకుండా వచ్చి, నడిమి వేలు చేరకముందే ప వస్తోందని ఒంటికి తెలిసిపోతుంటే నాలుగో పాఠానికి రండి. ప్రతి వేలి మీదా మొదటి రెండు చోట్ల మాట అయ్యాక మిగతా రెండింట్లో మౌత్ ఆర్గాన్ ఏదో జవాబు చెబుతుంటుంది, దాని సంగతి అందులో.