బండి మీద శ్రీశైలం వెళ్తుంటే భోజనం ఎక్కడ?

హైదరాబాద్ నుంచి బండి మీద శ్రీశైలం వెళ్తుంటే మధ్యాహ్నం భోజనం కల్వకుర్తిలోనో, డిండిలోనో కానిచ్చేయండి. మన్ననూరు దాటితే నల్లమల అడవి. ఆకలేసిన చోటల్లా హోటల్ ఉండదు.

పెద్ద బోర్డు చూసి మోసపోకండి, ఆర్టీసీ డ్రైవర్లు తినే చిన్న మెస్ నయం. పన్నెండున్నరకల్లా వెళ్తే అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది. రెండు దాటాక వెళ్తే సాంబారులో ముక్క కోసం వెతుక్కోవాలి.

బండి కూర్చున్న చోటి నుంచి కనపడాలి, వీలైతే నీడలో ఉండాలి. నీడ లేదా, సీటు మీద తువ్వాలు పరవండి. ఒకసారి పరవలేదు, కూర్చోగానే ఎగిరి లేచాను! హెల్మెట్ మాత్రం అద్దానికి తగిలించకండి, లోపలి స్పాంజ్ నొక్కుకుపోతుంది.

అసలు చిక్కు రెండో విడత అన్నంతోనే. పెట్టే పెద్దాయన "ఇంకాస్త వేస్కోండి సార్" అంటూ గరిటె ఎత్తగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేయాలి. పెరుగన్నం దాకా లాగిస్తే ఘాట్ మలుపుల్లో కళ్లు మూతలు పడతాయి. ఒక గ్లాసు మజ్జిగ తాగి, పది నిమిషాలు అటూ ఇటూ నడిచి బయల్దేరండి.

అదే రోజు తిరిగొచ్చేవాళ్లు టైమ్ చూసుకోండి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ అడవి దారిలో బళ్లను వదలరు.