స్టవ్ మంట ఎర్రగా వస్తోందా? ముందు గాలి సంగతి చూడండి

మంట తేడాగా వస్తే అందరం ముందు గ్యాస్‌నే తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు గాలిది. నాబ్ తిప్పగానే గ్యాస్, జెట్ అనే సన్నటి రంధ్రమున్న చిన్న ముక్కలోంచి వేగంగా దూసుకొస్తూ పక్క సందులోని గాలిని లాక్కుపోతుంది. రెండూ గొట్టంలో కలిసి బర్నర్ రంధ్రాల దగ్గర మండుతాయి. కలయిక కుదిరితే మంట నీలంగా, నిలకడగా ఉంటుంది.

మంట పసుపుగా, ఎర్రగా ఉంది, గిన్నెలు మసిబారుతున్నాయి
గాలి చాలక గ్యాస్ పూర్తిగా కాలడం లేదు. గాలి సందులో దుమ్మో, సాలెగూడో అడ్డుపడి ఉంటుంది. గ్యాస్ కట్టేసి, స్టవ్ చల్లారాక బర్నర్ తీసి గొట్టాన్ని సన్నటి బ్రష్‌తో శుభ్రం చేయండి. మసిని తోమేసి ఊరుకోవద్దు. ఇలాంటి మంట నుంచి వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా రావచ్చు. బాగయ్యేదాకా ఆ బర్నర్ వాడకండి. నీలి మంటలో అప్పుడప్పుడూ నారింజ రంగు మెరిస్తే మాత్రం అది దుమ్మో, ఉప్పో. దానికి టెన్షన్ అక్కర్లేదు.

ఒకవైపే మండుతోంది
పొంగినవి రంధ్రాల్లో ఎండిపోయి ఉంటాయి. బర్నర్ రంధ్రాలను పిన్నుతో పొడవచ్చు, జెట్‌ను మాత్రం వద్దు. నేనోసారి సూది పెట్టి కెలికాను. రంధ్రం వెడల్పై గ్యాస్ ఎక్కువొచ్చింది, మళ్లీ పసుపు మంటే! చివరికి జెట్ మార్పించాల్సొచ్చింది. కడిగిన బర్నర్‌ను పూర్తిగా ఆరనిచ్చి బిగించండి.

టప్‌మని మంట లోపలికి పోతోంది
వెంటనే కట్టేయండి. చాలాసార్లు బర్నర్ మూత సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. సరిచేసినా ఆగకపోతే మెకానిక్‌ను పిలవాల్సిందే.

టిక్‌టిక్‌మంటుంది, అంటుకోదు
స్పార్క్ వచ్చే పుల్ల తడిసి ఉంటుంది, తుడవండి. అంటుకున్నాక నాబ్ వదలగానే ఆరిపోతుంటే, మంట ఆరితే గ్యాస్ ఆపేసే సేఫ్టీ వాల్వ్ ఉన్న స్టవ్‌లలో నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మంట పక్కనుండే సెన్సర్ వేడెక్కితేనే వాల్వ్ తెరుచుకుని ఉంటుంది.

అగ్గిపుల్లతో వెలిగించేవాళ్లు ముందు పుల్ల గీసి, ఆ తర్వాతే నాబ్ తిప్పాలి. నాలుగైదు సెకన్లలో అంటుకోకపోతే కట్టేసి, వాసన పోయేదాకా ఆగండి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. అందుకే పై కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు, తలుపు కూడా తీయాలి. ఆ సమయంలో స్విచ్‌లు, ఫ్యాన్ ముట్టుకోవద్దు. లీకు ఎక్కడో చూడాలంటే పైపు అతుకులకు సబ్బునీళ్లు రాయండి. బుడగలొచ్చిన చోటే లీకు.