డ్రిప్పర్ తెచ్చుకున్నారు సరే, విశాఖలో కాఫీ ఎలా?

విదేశాల నుంచి వచ్చి విశాఖలో కాపురం పెట్టేవాళ్ల సూట్‌కేసుల్లో ఈమధ్య వీ60 డ్రిప్పర్ (పేపర్ పెట్టి కాఫీ వడకట్టే గరాటు), దాని పేపర్లు కనిపిస్తున్నాయి. గింజలు కూడా మోసుకొస్తున్నారు, అదే అనవసరం. అరకు మనకి సుమారు 115 కిలోమీటర్లే. అక్కడ పండే అరబికా రకం కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. కొట్లో "ఫిల్టర్ కాఫీ పొడి" అంటే చాలావరకు చికోరీ కలిపిన మెత్తటి పొడే ఇస్తారు. స్టీలు ఫిల్టర్‌కి అది బాగుంటుంది, పేపర్‌లో నీళ్లు దిగవు. వచ్చిన కొత్తలో నేనూ అదే కొన్నాను. ఎనిమిది నిమిషాలకి అరకప్పు దిగింది. మా అత్తయ్య రుచి చూసి, "ఇది జ్వరానికా బాబూ?" అంది.

అందుకని చికోరీ లేని గింజలే అడిగి తీసుకోండి. మిక్సీలో వేస్తే సగం పిండి, సగం పలుకులు అవుతాయి. చేత్తో తిప్పే గ్రైండర్ కొనుక్కోండి, పొడి బొంబాయి రవ్వలా రావాలి. ఇక్కడి సముద్రపు గాలికి ఉప్పే నీరుకారిపోతుంది, కాఫీ ఒక లెక్కా? పావుకిలో మించి కొనకుండా, బిగుతు మూత డబ్బాలో పెట్టుకోండి.

ఒక మగ్గుకి 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు. మరిగిన నీళ్లు దించి అర నిమిషం ఆగండి. ఈలోపు పేపర్‌ని డ్రిప్పర్‌లో పెట్టి వేడినీళ్లతో తడిపి, ఆ నీళ్లు పారబోసి పొడి వేయండి. ముందు పొడి తడిసేలా 40 మిల్లీలీటర్లు పోసి ఇంకో అర నిమిషం ఆగితే పొడి పొంగుతుంది. పొంగలేదంటే గింజలు పాతవే. మిగతా నీళ్లు మధ్యలోంచి గుండ్రంగా, సన్నటి ధారగా పోయాలి. దీనికి ఖరీదైన కెటిల్ అక్కర్లేదు, ఇంట్లో కొమ్ముచెంబు ఉంటే గుడ్డతో పట్టుకుని పోయండి. మొత్తం మూడు నిమిషాల్లో దిగిపోవాలి. త్వరగా దిగి పుల్లగా ఉంటే పొడి ఇంకాస్త మెత్తగా, ఆలస్యమై చేదెక్కితే బరకగా ఆడండి.

అన్నీ సరిగ్గా చేసినా చప్పగా ఉంటే నీళ్లని అనుమానించండి. కొన్ని ఆర్‌ఓ ఫిల్టర్లు ఖనిజాలు మరీ తీసేస్తాయి. ఒకసారి మంచినీళ్ల క్యాన్‌తోనో, కాచిన కుళాయి నీళ్లతోనో చేసి చూడండి.

చుట్టాలొస్తే మాత్రం ఇది పోయకండి, పాలేవని అడుగుతారు. పొరపాటున కొన్న చికోరీ పొడి అప్పుడు పనికొస్తుంది.