అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ నేర్చుకుందాం – 7వ పాఠం: కొత్త కోచ్ మొదటి సీజన్‌ను చదవడం

పోయిన పాఠం లెక్కలో ఎక్కువమంది ఒకే చోట బోల్తా పడ్డారు. 2023లో కొలరాడో జట్టు రన్నింగ్ ఎలా ఉందో చెప్పమంటే, "మ్యాచ్‌కి 68.9 గజాలు, ఎఫ్‌బీఎస్ (కాలేజీ ఆటలో పై అంచె) మొత్తంలో అట్టడుగు, అంటే రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు) పనికిరారు" అని రాశారు. అంకె సరైనదే, దాన్నుంచి తేల్చిన మాటే తప్పు. దీన్ని సరిచేసుకోకపోతే ఈ పాఠమంతా వృథా అవుతుంది.

కాలేజీ ఆటలో క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే దొరికిపోతే, అంటే శాక్ అయితే, పోయిన గజాలను రన్నింగ్ ఖాతాలో కోస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అదే నష్టం జట్టు పాసింగ్ ఖాతాలో పడుతుంది. ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ అంకెలకు అలవాటుపడిన కళ్లతో శనివారం కాలేజీ అంకెలు చదివితే మోసపోవడం ఖాయం.

ఒక ఊహా మ్యాచ్ తీసుకోండి. రన్నింగ్ బ్యాక్‌లు 20 సార్లు పరిగెత్తి 90 గజాలు తెచ్చారు, సగటు 4.5. మంచి పనే. క్వార్టర్‌బ్యాక్ 6 సార్లు శాక్ అయి 42 గజాలు పోగొట్టాడు. బాక్స్ స్కోర్‌లో, అంటే మ్యాచ్ గణాంకాల పట్టికలో, మాత్రం 26 సార్లు, 48 గజాలు, సగటు 1.8 అని కనిపిస్తుంది. పాసింగ్ వరుసలో 36 త్రోలు, 290 గజాలు, సగటు 8.1 అని ఉంటుంది. నిజానికి పాస్ కోసం వెనక్కి వెళ్లింది 42 సార్లు, శాక్‌ల నష్టం పోగా మిగిలింది 248 గజాలు. అంటే సగటు 5.9. ఇప్పుడు రన్నింగ్ ఘోరం, పాసింగ్ అద్భుతం అని ఒకే మ్యాచ్ గురించి రెండు తప్పులు రాస్తారు. అసలు దెబ్బతిన్నది క్వార్టర్‌బ్యాక్‌కు కాపలా కాయాల్సిన ఆఫెన్సివ్ లైన్.

సరిచేయడానికి ఎదుటి జట్టు డిఫెన్స్ వరుస చూడండి. శాక్‌ల సంఖ్య, గజాలు అక్కడ ఉంటాయి. ఆ సంఖ్యను రన్‌ల లెక్కలోంచి తీసేసి, గజాలను రన్నింగ్‌కు తిరిగి కలపండి. ఆటగాడి పేరు లేకుండా "టీమ్" అని ఉండే వరుసనూ వదలకండి. ఆట చివర్లో గడియారం కరిగించడానికి మోకాలేసిన ఆటల నష్టం సాధారణంగా అందులోకే వెళ్తుంది.

ఆ ఏడాది కొలరాడో క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్ శాండర్స్ 11 మ్యాచ్‌లలో 52 సార్లు శాక్ అయ్యాడు. ఆ నష్టం తీసేసి చూసినా రన్నింగ్ బలహీనమే, కాకపోతే కారణం వెతకాల్సిన చోటు మారుతుంది.

ఇక సీజన్‌కి వద్దాం. 2022లో కొలరాడో 1–11, అంటే ఒక గెలుపు, 11 ఓటములు. డియాన్ శాండర్స్ కోచ్‌గా వచ్చి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి జట్టును దాదాపు కొత్తగా కట్టాడు. అప్పట్లో 85 స్కాలర్‌షిప్ స్థానాలుంటే మిగిలిన పాతవాళ్లు పది మంది చుట్టూనే. 2023 ఫలితాలు వరుసగా, కొలరాడో అంకె ముందు: టీసీయూ 45–42, నెబ్రాస్కా 36–14, కొలరాడో స్టేట్ 43–35, ఒరెగాన్ 6–42, యూఎస్‌సీ 41–48, అరిజోనా స్టేట్ 27–24, స్టాన్‌ఫర్డ్ 43–46, యూసీఎల్‌ఏ 16–28, ఒరెగాన్ స్టేట్ 19–26, అరిజోనా 31–34, వాషింగ్టన్ స్టేట్ 14–56, యూటా 17–23. మొత్తం 4–8.

మొదట పాయింట్లు కూడండి. చేసినవి 338, ఇచ్చినవి 418. మ్యాచ్‌కి 6.7 లోటు. అంతకుముందు ఏడాది మ్యాచ్‌కి 15.4 చేసి 44.5 ఇచ్చారు, లోటు 29కి పైనే. గెలుపులు మూడే పెరిగాయి, కానీ లోటు నాలుగో వంతుకు దిగింది. కోచ్ చేసిన పని కనిపించేది ఇక్కడే. వారం వారం మారే ర్యాంకుల కంటే నాకు ఈ ఒక్క అంకె మీదే నమ్మకం.

తర్వాత 8 పాయింట్లలోపు తేలిన మ్యాచ్‌లకు గుర్తు పెట్టండి. టచ్‌డౌన్‌కి 6, ఆపై 2, ఒక్క దెబ్బతో సమమయ్యే తేడా అది. అవి 8 ఉన్నాయి: 3 గెలుపులు, 5 ఓటములు. ఓవర్‌టైమ్ పాయింట్లను పక్కన పెట్టండి. కొలరాడో స్టేట్‌తో నిర్ణీత సమయానికి 28–28, స్టాన్‌ఫర్డ్‌తో 36–36. స్టాన్‌ఫర్డ్ మ్యాచ్‌లో విరామానికి కొలరాడో 29–0 ముందుంది, ఆ పతనం చివరి స్కోర్‌లో ఎక్కడా కనపడదు. అందుకే క్వార్టర్ల వారీ స్కోర్ రాసుకోమంటాను.

ప్రత్యర్థి బలాన్ని సీజన్ ముగిశాకే తూచండి. టీసీయూ అంతకుముందు సీజన్ ఫైనల్ ఆడిన జట్టు, అందుకే ఆ తొలి గెలుపుకు అంత హోరు. కానీ టీసీయూ, నెబ్రాస్కా, కొలరాడో స్టేట్ మూడూ ఆ ఏడాది 5–7తోనే ముగిశాయి. నాలుగో గెలుపు 3–9 అరిజోనా స్టేట్‌పై. 3–0 ఆరంభం చూసి కట్టిన కోటలు నిలవకపోవడానికి కారణం ఇదే.

తేదీల పక్కన రెండు గుర్తులు కూడా వేయండి. కొలరాడో స్టేట్ మ్యాచ్‌లో కొలరాడో ముఖ్య ఆటగాడు ట్రావిస్ హంటర్ గాయపడి తర్వాతి మూడు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ఒరెగాన్ స్టేట్ మ్యాచ్ నుంచి ప్లేలు (ఏ ఎత్తు ఆడాలో) చెప్పే పని కోచింగ్ బృందంలోని షాన్ లూయిస్ నుంచి ప్యాట్ షర్మర్‌కి మారింది. ఈ గీతలకు అటూ ఇటూ సగటులు విడిగా తీయాలి, కలిపేస్తే రెండు వేర్వేరు జట్లను ఒకటిగా కొలిచినట్టవుతుంది.

అభ్యాసం. కోచ్ కర్ట్ సిగ్నెట్టి మొదటి ఏడాది, ఇండియానా 2024. ముందటి ఏడాది 3–9. ఇండియానా అంకె ముందు: ఎఫ్‌ఐయూ 31–7, వెస్టర్న్ ఇల్లినాయ్ 77–3, యూసీఎల్‌ఏ 42–13, షార్లెట్ 52–14, మేరీల్యాండ్ 42–28, నార్త్‌వెస్టర్న్ 41–24, నెబ్రాస్కా 56–7, వాషింగ్టన్ 31–17, మిషిగన్ స్టేట్ 47–10, మిషిగన్ 20–15, ఒహాయో స్టేట్ 15–38, పర్డ్యూ 66–0, ప్లేఆఫ్‌లో నోటర్‌డామ్ 17–27. వెస్టర్న్ ఇల్లినాయ్ కింది అంచె ఎఫ్‌సీఎస్ జట్టు, దాన్ని కొట్టేసి మిగిలిన 12తో లెక్క చేయండి. 8 పాయింట్లలోపు మ్యాచ్‌లు ఎన్ని? ఓడిన రెండూ తీసేస్తే సగటు తేడా ఎంత పెరుగుతుంది? ఆ 12 బాక్స్ స్కోర్‌లూ తెరిచి శాక్‌లు సరిచేసిన రన్నింగ్ సగటు కూడా మ్యాచ్‌వారీగా రాయండి. గంటన్నర పడుతుంది. కాగితం మీదే చేయండి.