కాఫీ గింజ లేని కప్పు: చికోరీ వేరును వేయించి, కాచి తాగే పద్ధతి

తెలుగువారి ఇళ్లలో చికోరీ కొత్త సరుకేమీ కాదు. ఫిల్టరు కాఫీకి ఉండే చిక్కదనం, నల్లటి రంగు చాలావరకు దాని చలవే. అయితే తరతరాలుగా దానిని కాఫీలో కలిపే పొడిగానే చూడటం వల్ల, కాఫీ గింజ ఒక్కటైనా లేకుండా చికోరీతోనే కమ్మటి పానీయం తయారవుతుందన్న సంగతి మనలో చాలామందికి తట్టదు. నిద్ర పట్టకనో, గుండె దడ వల్లనో, కడుపులో మంట వల్లనో కాఫీ మానుకోవలసి వచ్చినవారు మొదట వెతకవలసింది దీనినే అని నా గట్టి అభిప్రాయం. కాకపోతే, కాఫీ కాచే కొలతతో, కాఫీ కాచే తీరులో చికోరీని కాచితే చేదు కషాయం మాత్రమే మిగులుతుంది. దాని కొలత వేరు, దాని కాపు వేరు.

మొదట ప్యాకెట్టు సంగతి తేల్చుకోవాలి. అంగళ్లలో చికోరీ కాఫీ అని అమ్మేది దాదాపు ఎప్పుడూ మిశ్రమమే. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండి తీరాలి, ఏది ఎంత శాతమో ప్యాకెట్టుపై ముద్రించాలి. 80:20, 70:30, 60:40 అని కనిపించే అంకెలు అవే. అంటే చికోరీ ఎంత ఎక్కువగా ఉన్న మిశ్రమమైనా అందులో సగానికి పైగా కాఫీయే కాబట్టి కెఫీన్ తగ్గుతుందే కాని పోదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందనీ, రోజుకు 300 మిల్లీగ్రాములు మించకూడదనీ చెబుతున్నాయి. కెఫీన్ తీసేసిన డీకాఫ్ పొడిలో సైతం కొద్దిపాటి కెఫీన్ మిగిలే ఉంటుంది. చికోరీ వేరులో మాత్రం అది పుట్టుకతోనే లేదు. అందువల్ల కొనేటప్పుడు పదార్థాల జాబితాలో వేయించిన చికోరీ అన్న ఒక్క మాటే ఉందో లేదో చూడాలి. వేయించిన చికోరీలో నూనె గాని, గ్లూకోజు, మొలాసిస్ వంటి తీపి పదార్థాలు గాని కలపడానికి ప్రమాణాలు అనుమతిస్తాయి కాబట్టి, చక్కెర వ్యాధి ఉన్నవారు ఈ జాబితాను మరింత శ్రద్ధగా చదవడం మంచిది.

విడిగా కొన్న పొడిపై అనుమానం ఉంటే ఇంట్లోనే చిన్న పరీక్ష చేయవచ్చు. గాజు గ్లాసు నిండా చన్నీళ్లు పోసి, కదపకుండా, పైన అర చెంచా పొడి చల్లాలి. చికోరీ రేణువులు కొద్ది క్షణాల్లోనే కిందికి దిగుతాయి, దిగుతూ ఒక్కొక్కటీ తన వెనుక సన్నటి గోధుమరంగు గీతను నీటిలో వదులుతుంది. కాఫీ పొడి, అందులో నూనె ఉన్నందువల్ల, చాలాసేపు పైనే తేలుతుంది. పైన తేలే పొడి కనిపిస్తే అందులో కాఫీ కలిసినట్లే లెక్క.

చికోరీ చామంతి కుటుంబానికి చెందిన మొక్క, నీలిరంగు పూలు పూస్తుంది. ఉత్తరాదిలో కాస్నీ అంటారు, పశువులకు పచ్చిమేతగానూ వేస్తారు. వేరు కోసం మన దేశంలో దీనిని ముఖ్యంగా గుజరాత్, ఉత్తర ప్రదేశ్ రైతులు రబీ పంటగా పండిస్తారు. ముల్లంగిలా లోతుగా దిగే ఆ వేరులో మూడొంతులకు పైగా నీరే ఉంటుంది. మిగిలినదానిలో పెద్ద భాగం ఇన్యులిన్ అనే పీచుపదార్థం. వేడికి ఇన్యులిన్‌లో కొంత విడిపోయి ఫ్రక్టోజు అవుతుంది, ఆ చక్కెర మాడే దశకు చేరుతున్నకొద్దీ పాకం వాసన, ముదురు రంగు వస్తాయి. కాఫీని గుర్తుకు తెచ్చే రుచి పుట్టేది ఇక్కడే. వేరులో సహజంగా ఉండే చేదు పదార్థాలు ఆ తీపికి తోడై రుచిని నిలబెడతాయి. 1806లో నెపోలియన్ బ్రిటన్ సరుకులపై విధించిన దిగ్బంధంతో ఐరోపాలో కాఫీకి కరువొచ్చినప్పుడు ఫ్రెంచివారు విస్తారంగా ఆశ్రయించింది ఈ వేరునే.

పచ్చి వేరు మన కూరగాయల బజార్లలో సాధారణంగా దొరకదు. యునానీ మూలికలు అమ్మే దుకాణాల్లో ఎండిన కాస్నీ వేరు దొరుకుతుంది గాని, అది మందు కోసం అమ్మేది కాబట్టి పాతదా, బూజు పట్టిందా అని విరిచి చూసి మరీ తీసుకోవాలి. విత్తనాలు సంపాదించి పెంచుకోదలచినవారు అక్టోబరు, నవంబరు నెలల్లో, రాళ్లు లేని గుల్ల నేలలో విత్తి, పూతకాడ లేవకముందే వేరు తవ్వాలి. కాడ లేచిన తరువాత వేరు నారెక్కుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువారికి వేసవిలో రోడ్ల పక్కన విరగబూసే నీలిపూల మొక్క ఇదే, అయితే వాహనాల పొగా మురుగూ చేరిన నేలలోని వేరును తినే వస్తువుగా వాడకూడదు.

పచ్చి వేరు దొరికితే మట్టి పోయేలా కుంచెతో రుద్ది కడిగి, తొక్క తీయకుండానే శనగబద్దంత ముక్కలుగా తరగాలి. ముక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉండటం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే చిన్నవి మాడేసరికి పెద్దవి లోపల పచ్చిగానే ఉండిపోతాయి. వాటిని పలుచటి బట్ట కప్పి ఎర్రటి ఎండలో, వంచితే పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టాలి. ఓవెన్ ఉన్నవారు 60, 70 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే సరిపోతుంది. కిలో పచ్చి వేరుకు పావు కిలోకు లోపే ఎండు ముక్కలు వస్తాయి.

వేయించడానికి అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడు ఉత్తమం. మూకుడు వేడెక్కాక మంట బాగా తగ్గించి, అడుగు కప్పేంత ముక్కలు మాత్రమే వేసి, గరిటె ఆపకుండా కలుపుతూ ఉండాలి. మొదట వచ్చేది ఉడికిన దుంప వాసన. అప్పటికి ముక్కలు లేత గోధుమరంగులో ఉంటాయి. ఆ తరువాత పాకం వాసన మొదలై, ముక్కలు తేనె రంగు దాటి ఇటుక రంగుకు వస్తాయి. చాలామంది ఇక్కడే దించేస్తారు. ఈ దశలో దించితే పానీయం తియ్యగా, పలుచగా, కాఫీతో పోలికే లేకుండా ఉంటుంది. మరికొంత ఓపిక పట్టి, పాకం వాసనలో కోకోను పోలిన చేదు వాసన కలిసి, పైన సన్నటి పొగ లేవబోతున్నట్లు కనిపించేదాకా వేయించాలి. పాత చింతపండు నలుపు వచ్చిందంటే అదే సమయం. ఒక ముక్క విరిచి చూస్తే లోపల కూడా ముదురు గోధుమరంగే ఉండాలి. దించిన ముక్కలను మూకుడులోనే వదలకుండా వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి మార్చి ఆరనివ్వాలి, లేకపోతే ఆ వేడికే మాడిపోతాయి. ఈ పని మొత్తానికి అరగంట దాకా పడుతుంది. ఓవెన్‌లోనైతే 170 డిగ్రీల దగ్గర పెట్టి, మధ్యమధ్య కలుపుతూ, చివరి పది నిమిషాలు కదలకుండా కనిపెట్టుకుని ఉండాలి.

పూర్తిగా చల్లారాక మిక్సీలో బొంబాయి రవ్వంత బరకగా పట్టుకోవాలి. వేయించిన చికోరీ గాలిలోని చెమ్మను ఇట్టే పీల్చుకుంటుంది. మూత వదులుగా ఉంటే వానాకాలంలో పొడి రాయిలా గడ్డకడుతుంది. కాబట్టి గాలి చొరని గాజు సీసాలో పోసి, తడి చెంచా తగలకుండా వాడుకోవాలి. పొడి చేయని ముక్కలు ఎక్కువ కాలం నిలుస్తాయి.

కాచే విషయంలో అందరూ పొరపడేది కొలత దగ్గరే. వేయించిన కాఫీలో నీటిలో కరిగే సారం 26 నుంచి 35 శాతం ఉండాలని మన ప్రమాణాలు చెబుతుంటే, వేయించిన చికోరీలో అది కనీసం 55 శాతం ఉండాలి. అంటే కాఫీకి వేసే పొడిలో సగం వేసినా కప్పు చిక్కగానే వస్తుంది. ఒక కప్పుకు, అంటే 150 మిల్లీలీటర్ల నీటికి, చెంచాకు తలకొట్టి తీసిన బరక పొడి చాలు. నీళ్లు తెర్లుతుండగా పొడి వేసి, మంట తగ్గించి మూడు, నాలుగు నిమిషాలు మరగనిచ్చి, దించి మూతపెట్టి మరో మూడు నిమిషాలు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పైతేటను పలుచటి బట్టలో వడకట్టాలి. మన ఇత్తడి, స్టీలు ఫిల్టర్లలో వేయదలచినవారు బరక పొడినే వాడి, పైన పెట్టే చిల్లుల బిళ్లను అదమకుండా ఊరికే ఆనించి వదలాలి. మెత్తటి చికోరీ తడవగానే ఉబ్బి జిగురుగా మారి చిల్లులను మూసేస్తుంది, గంట గడిచినా చుక్క దిగదు.

చికోరీ డికాషన్‌లో కాఫీకి ఉండే పులుపు ఉండదు, తీపి కొంత దానిలోనే ఉంటుంది. అందుకే పాలతో బాగా కలుస్తుంది, చక్కెర మామూలుగా వేసేదానిలో సగం చాలు. ముందు చక్కెర లేకుండా ఒక గుక్క రుచి చూడమనే నా సలహా. అమెరికా అంతర్యుద్ధ కాలంలో కాఫీ కొరత వచ్చినప్పుడు చికోరీని పట్టుకున్న న్యూఆర్లీన్స్ నగరవాసులు, కొరత తీరాక కూడా దానిని వదలక, చికోరీ కలిసిన కాఫీలో వేడి పాలు సమంగా పోసుకుని తాగుతున్నారు. ఒట్టి చికోరీకి కూడా ఆ పాలు అంతే బాగా నప్పుతాయి. బెల్లం వేయదలిస్తే పాలు విరగకుండా దించిన తరువాతే వేయాలి. శొంఠి చిటికెడు వేస్తే పాలు లేని కప్పుకు మంచి ఘాటు వస్తుంది.

ఏళ్ల తరబడి రోజుకు మూడు, నాలుగు కప్పుల కాఫీ తాగినవారు ఒక్కసారిగా చికోరీకి మారితే, మరునాటికే తలనొప్పి, చిరాకు, మగత మొదలై కొన్ని రోజులు వేధించవచ్చు. అది చికోరీ తప్పు కాదు, కెఫీన్ మానడం వల్ల వచ్చేది. దీనికి మన మిశ్రమాల అలవాటే విరుగుడు. కలపని కాఫీ పొడినీ ఒట్టి చికోరీ పొడినీ విడివిడిగా కొని, మొదటి వారం మూడు పాళ్లు కాఫీకి ఒక పాలు చికోరీ, రెండో వారం సగం సగం, మూడో వారం ఒక పాలు కాఫీకి మూడు పాళ్లు చికోరీ చొప్పున కలుపుకుంటూ పోతే నాలుగో వారానికి కాఫీ లేకుండానే ఉండగలుగుతారు. మిశ్రమంలో చికోరీ పెరిగేకొద్దీ మొత్తం పొడి కొలతను తగ్గించాలని మరవకూడదు.

వేయించిన తరువాత కూడా కొంత ఇన్యులిన్ మిగులుతుంది కాబట్టి, అలవాటు లేని కడుపుకు మొదట్లో గ్యాసు, ఉబ్బరం కలగవచ్చు. రోజుకు ఒక కప్పుతో మొదలుపెట్టడం మేలు. చామంతి జాతి మొక్కలు పడనివారికి చికోరీ కూడా పడకపోవచ్చు. పిత్తాశయంలో రాళ్లు ఉన్నవారు, గర్భిణులు తమ వైద్యులను అడిగిన తరువాతే దీనిని రోజువారీ అలవాటుగా చేసుకోవాలి.