సివిలైజేషన్ 5లో దౌత్య విజయం: ఓట్లు కొనడానికి వేళ ఉంది

సివిలైజేషన్ 5 అనే కంప్యూటర్ ఆటలో గెలవడానికి ఉన్న దారులన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది దౌత్య విజయం, అంటే ఐక్యరాజ్యసమితి ఓటింగులో ప్రపంచ నాయకుడిగా ఎన్నికవడం. డబ్బుంటే ఎవరైనా గెలిచే దారి అని దీన్ని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. ఆ మాటతో నేను ఎప్పటికీ ఏకీభవించను. ఎంతో బంగారం పోసి కొన్న ఓట్లు నా చేతిలోంచి జారిపోయిన ఆట ఒకటి ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఆటలో నాది సయాం. ఓటింగుకు ఒక టర్ను ముందు లెక్క చూసుకుంటే, గెలుపుకు కావలసిన ప్రతినిధులు (ఒక్కొక్కరు ఒక ఓటు) సరిగ్గా సరిపోయారు. టర్ను ముగించాను. మళ్లీ నా వంతు వచ్చేసరికి కొలంబో, ఆల్మటీ అనే నగర రాజ్యాలు (గెలుపు పోటీలో లేని, ఒకే నగరమున్న చిన్న దేశాలు) రెండూ మరొకరికి మిత్రరాజ్యాలైపోయాయి. ఒక్కో నగర రాజ్యానికి ఇద్దరు ప్రతినిధులు, అంటే నలుగురు పోయారు. వాటిని తిరిగి తెచ్చుకుందామంటే ఖజానా ఖాళీ. ముప్పై టర్నుల ముందే ఉన్నదంతా పంచిపెట్టేశాను. అప్పటి నుంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా 2013లో వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్ అనే అదనపు భాగం ఉన్న ఆటకు వర్తిస్తుంది. 2010 నాటి తొలి ఆటలో ఐక్యరాజ్యసమితి మనం కట్టుకోవలసిన ఒక అద్భుత కట్టడం, అక్కడి లెక్క వేరు.

అందరినీ కలుసుకున్న ఒక నాగరికత (ఆటలో పోటీపడే దేశం) అచ్చుయంత్రం కనిపెట్టగానే, దేశాలన్నీ తీర్మానాల మీద ఓట్లు వేసే వరల్డ్ కాంగ్రెస్ మొదలవుతుంది. సగం నాగరికతలు అణుయుగంలోకి వెళ్లినా, ఏదో ఒకటి సమాచార యుగంలోకి వెళ్లినా అదే ఐక్యరాజ్యసమితి అవుతుంది. ప్రపంచ నాయకుడి ఎన్నిక ఆ తరువాతే. గెలవడానికి ఎందరు ప్రతినిధులు కావాలో ఆటే చూపిస్తుంది. ఆ సంఖ్యను ఒక కాగితం మీద పెద్దగా రాసి ఎదురుగా పెట్టుకోండి.

కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే: ప్రత్యర్థికి ఎంత బంగారం ఇచ్చినా నాయకుడి ఎన్నికలో అతని ఓటు అమ్మడు. తనకు తానే వేసుకుంటాడు. పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన దేశాన్ని మీరు విడిపించి మళ్లీ నిలబెడితే మాత్రం అది మీ పక్షాన నిలుస్తుంది. అలాంటి అవకాశం ఆటకొకసారి దొరికినా గొప్పే. కాబట్టి మన ఓట్లు దాదాపుగా నగర రాజ్యాల నుంచే రావాలి.

నగర రాజ్యం దగ్గర మన ప్రభావం 30 దాటితే స్నేహం. 60 దాటి, మిగతా అందరికంటే మనదే ఎక్కువైతే మిత్రత్వం. కానీ ఆ ప్రభావం నిలవదు, టర్ను టర్నుకూ కరుగుతూ తన సహజ స్థాయికి దిగుతుంది. మామూలుగా ఆ స్థాయి సున్నా. నా ఆటంతా ఈ సున్నాను పైకి జరపడం మీదే నడుస్తుంది.

పేట్రనేజ్ అనే విధానాల శాఖలో కాన్సులేట్స్ తీసుకుంటే అన్ని నగర రాజ్యాల దగ్గరా ఆ స్థాయి 20 పెరుగుతుంది. మతం స్థాపించినప్పుడు పేపల్ ప్రైమసీ నమ్మకం ఎంచుకుంటే, మన మతాన్ని అనుసరించే నగర రాజ్యాల దగ్గర ఇంకో 15. రెండూ కలిపితే 35. ఇక ఖాట్మండుకు మీ మతం చేరిందంటే, మీరు పైసా ఇవ్వకపోయినా అది ఎప్పటికీ స్నేహితురాలిగానే ఉంటుంది. చివర్లో దాన్ని మిత్రురాలిని చేయడానికి 25 చాలు. ఈ రెండూ లేని ఆటగాడు అదే ఖాట్మండుకు 60 పూర్తిగా కొనాలి. పది నగర రాజ్యాలకు ఈ తేడా లెక్క వేసి చూడండి, ఖజానా ఎందుకు చాలదో అర్థమవుతుంది. అందుకే దౌత్య విజయం అణుయుగంలో ఆలోచించవలసిన విషయం కాదని నా నమ్మకం. మతప్రచారకులను పంపే రోజుల్లోనే మొదలుపెట్టాలి.

పేట్రనేజ్‌ను తెరవగానే ప్రభావం కరిగే వేగం పావు వంతు తగ్గుతుంది. అదే శాఖలోని ఫిలాంత్రపీతో బంగారం కానుకల ఫలితం పావు వంతు పెరుగుతుంది. ఫర్‌బిడెన్ ప్యాలెస్ అనే అద్భుత కట్టడం కడితే మరో ఇద్దరు ప్రతినిధులు వస్తారు, దానికీ పేట్రనేజ్ తెరిచి ఉండాలి. ఫ్రీడమ్ సిద్ధాంతం ఎంచుకుంటే మూడో అంతస్తులోని ట్రీటీ ఆర్గనైజేషన్ అనే విధానం నాకు ప్రాణం. వర్తక మార్గం ఉన్న ప్రతి నగర రాజ్యం దగ్గరా టర్నుకు 4 చొప్పున ప్రభావం పెరుగుతుంది. ఇరవై టర్నుల్లో 80 అన్నమాట! మార్గాల సంఖ్య పరిమితం కనుక, ప్రత్యర్థి కన్ను పడిన నగరాలకే వాటిని మళ్లిస్తాను.

కాంగ్రెస్ నడిచే కాలంలో కొనదగిన ఓట్లు మరో రకం ఉన్నాయి. తీర్మానాల ఓట్లను ప్రత్యర్థులు అమ్ముతారు. అందుకు వాళ్ల రాజధానిలో మన గూఢచారి రాయబారిగా ఉండాలి. అప్పుడు ఒప్పందాల తెరలో, ఫలానా తీర్మానానికి అనుకూలంగానో వ్యతిరేకంగానో ఓటు వేయమని అడగవచ్చు. ఆ తీర్మానం మీద వాళ్లకు గట్టి అభిప్రాయం లేనప్పుడు చవగ్గా దొరుకుతుంది. గట్టిగా వ్యతిరేకించే విషయంలో బేరమే కుదరదు. నేను ముఖ్యంగా కొనేది రెండింటికి. ఒకటి, నా మతాన్ని ప్రపంచ మతం చేయడానికి, దానితో ఇద్దరు ప్రతినిధులు పెరుగుతారు. రెండోది, నగర రాజ్యాలతో వర్తకాన్ని నిషేధించే తీర్మానాన్ని ఓడించడానికి. అది నెగ్గితే ట్రీటీ ఆర్గనైజేషన్ మీద పెట్టిన ఆశలన్నీ గంగలో కలిసినట్టే.

గ్లోబలైజేషన్ అనే సాంకేతికతను కనిపెట్టాక విదేశీ రాజధానిలో ఉన్న ప్రతి రాయబారీ ఒక ప్రతినిధిని తెస్తాడు. అంతవరకు నగర రాజ్యాల ఎన్నికల్లో రిగ్గింగు చేయిస్తున్న గూఢచారులను అప్పుడు రాజధానులకు మార్చాలి. ప్రయాణానికీ కుదురుకోవడానికీ కొన్ని టర్నులు పడుతుంది కనుక ఎన్నిక దగ్గరపడేదాకా ఆగవద్దు. నగర రాజ్యంలో గూఢచారితో కుట్ర చేయించి మిత్రత్వాన్ని లాక్కోవడం కూడా కుదురుతుంది. ఎంత శాతం అవకాశం ఉందో ముందే చూపిస్తుంది. తప్పితే గూఢచారి ప్రాణం పోతుంది, ఒక ఓటు తెచ్చే మనిషిని అలా పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక బంగారం. కానుక 250, 500, 1000గా ఇవ్వవచ్చు. విడివిడిగా నాలుగు చిన్న కానుకల కంటే ఒక్క వెయ్యి ఎక్కువ ప్రభావం తెస్తుంది. కనుక చిల్లరగా ఇవ్వకండి, పోగు చేయండి. మిగులు విలాస వస్తువులన్నీ అమ్మండి. స్నేహ ప్రకటన చేసుకున్న దేశాలు మాత్రమే ఒకేసారి మొత్తం చేతిలో పెడతాయి, మిగతావి టర్నుకింత అని ఇస్తాయి. అందుకే ఎన్నికకు ముందు కనీసం ఇద్దరు స్నేహితులు నాకు ఉండేట్టు చూసుకుంటాను.

ఎన్నికకు రెండు టర్నుల ముందు నగర రాజ్యాల పట్టిక తెరిచి, ఒక్కోదాని ఎదురుగా రెండు అంకెలు రాస్తాను: నా ప్రభావం, ప్రస్తుత మిత్రుడి ప్రభావం. జెనీవాలో నాకు 38, ప్రత్యర్థికి 210 ఉంటే దాన్ని కొట్టేస్తాను. ప్రత్యర్థి ఓట్లు తగ్గించినంత మాత్రాన మనకు ఒరిగేది లేదు, మన సంఖ్య గీత దాటాలి అంతే. బుకారెస్ట్‌లో నాకు 41 ఉండి, ఎవరూ 60 దాటకపోతే ముందు అదే. తేడా తక్కువ ఉన్నవాటి నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తాను. అవసరమైన సంఖ్య వచ్చాక ఆగను. మన తరువాత మిగతా నాగరికతలు కూడా తమ టర్ను ఆడతాయి కనుక రెండు మూడు నగర రాజ్యాలు అదనంగా ఉండాలి. సయాం ఆటలో నన్ను దెబ్బ తీసింది ఈ ఒక్క సంగతే.

బాగా డబ్బున్న ప్రత్యర్థి ఒకడే ఉన్నప్పుడు మరో మార్గం ఉంది, దీనికి కాస్త గుండె నిబ్బరం కావాలి. అతని మీద యుద్ధం ప్రకటిస్తే మన మిత్రులైన నగర రాజ్యాలన్నీ అతనితో యుద్ధంలోకి వెళ్తాయి. యుద్ధంలో ఉన్న నగరానికి అతను కానుక ఇవ్వలేడు. అంటే మన ఓట్లకు తాళం పడినట్టే. అయితే అతని మిత్రులు కూడా మనకు శత్రువులవుతారు, కాబట్టి అతని దగ్గర నుంచి లాగదలచినవి ముందు లాగి, ఆ తరువాతే యుద్ధం ప్రకటించాలి. సరిహద్దులో సైన్యం కూడా ఉండాలి.

గ్రీసుతో ఆడిన ఆటలో ఈ క్రమమే పాటించాను. గ్రీసుకు ప్రభావం సగం వేగంతోనే కరుగుతుంది, కనుక చివరి రెండు టర్నుల వరకు ఖజానా ముట్టుకోలేదు. బుకారెస్ట్, జాంజిబార్, కొలంబోలకు తలా వెయ్యి ఇచ్చి, నా ప్రత్యర్థి వెనిస్ మీద యుద్ధం ప్రకటించి, టర్ను ముగించాను. కావలసినదానికంటే ఆరుగురు ఎక్కువ వచ్చారు. ఈసారి కొలంబో నాతోనే ఉంది.